366 పెద్దదా, 196 పెద్దదా?

జనగామ, ఆలేరు దిక్కు నుంచి వచ్చేటోళ్ళకు హైదరాబాద్ అంటె మొదలు ఉప్పలే. బస్సు దిగేది రింగ్ రోడ్డు కాడ, పని దొరికేది నాచారం కంపెనీలల్ల. ఆదివారం వచ్చిందంటె చాయ్ హోటల్ ముందట క్రికెట్ పంచాయితి. మొన్న గట్లనే నాచారంల ఇద్దరు పోరగాండ్లు కొట్టుకునేదాంక వచ్చిన్రు. ఒకడేమో "తన్మయ్ అగర్వాల్ 366 కొట్టిండు, ఇండియా టీంలకు ఎందుకు దీస్కోలె?" అంటడు. ఇంకొకడు "అరుణాచల్ మీద కొట్టినయ్ గూడ రన్సేనారా?" అని ఎక్కిరిస్తడు. ఆఖరికి "అన్నా, నువ్వు జెప్పు" అని నా మీద పడ్డరు.

చాయ్ సల్లారేలోపు ఒడిసే ముచ్చట కాదిది. గందుకే రాస్తున్న.

2024 జనవరి 26. హైదరాబాద్‌లనే నెక్స్‌జెన్ గ్రౌండ్‌ల రంజీ ప్లేట్ గ్రూపు మ్యాచ్ మొదలైంది. తన్మయ్ 147 బాల్స్‌ల 300 దాటిండు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌ల ప్రపంచంల ఎవ్వలు గూడ గంత జల్ది కొట్టలె. పొద్దుమీకెటాలకు 323 నాటౌట్. మర్నాడు 366 కాడ ఔటైండు. 181 బాల్స్, 26 సిక్సులు. సిక్సులు గూడ రికార్డే.

సరిగ్గా గదే దినాలల్ల గిక్కడ ఉప్పల్ స్టేడియంల ఇండియా, ఇంగ్లండ్ టెస్టు నడుస్తున్నది. మొదటి ఇన్నింగ్స్‌ల ఇండియా 190 పరుగులు ముందున్నది. గప్పుడు ఓలీ పోప్ వచ్చి బుమ్రా, అశ్విన్, జడేజా, అక్షర్‌ల బౌలింగ్‌ల 196 కొట్టిండు. ఇండియా 28 పరుగులతోని ఓడింది. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ పోప్‌కే ఇచ్చిన్రు.

ఊరు ఒక్కటే, దినాలు ఒక్కటే. ఒకటి 366, ఒకటి 196. అంకె చూస్తె తన్మయ్‌దే పెద్దది. ఎదుట ఉన్నదెవ్వలు అని చూస్తె లెక్క మారుతది.

ఎదుటి టీం బలం ఎంతున్నదో తెలుసుకోవాలంటె నేను ఒక పని జేస్త. స్కోర్‌కార్డుల మొదటి పేరు ఇడిసిపెట్టి రెండో పేరు చూస్త. తన్మయ్ కొట్టిన మ్యాచ్‌ల రెండో పేరు రాహుల్ సింగ్. గాయన 105 బాల్స్‌ల 185 కొట్టిండు, ఇద్దరు గలిసి మొదటి వికెట్‌కే 449 జేసిన్రు. అంటె ఆ దినం బౌలింగ్ గట్లున్నది, ఎవ్వలు నిలవడ్డా దంచేటట్టు. ఇగ ఉప్పల్ మ్యాచ్ చూడున్రి. ఇంగ్లండ్ రెండో ఇన్నింగ్స్ 420. అండ్ల పోప్ 196, గాయన తర్వాత పెద్ద స్కోర్ డకెట్‌ది, 47. మిగిలినోళ్ళు 50 గూడ దాటని కాడ ఒక్కడు 196 జేసిండు.

గయితె తన్మయ్‌ను తక్కువ జేస్తె తప్పే. ఎవ్వల మీద ఆడాలె అనేది ఆటగాని చేతుల ఉండదు. అరుణాచల్ మీద ఆడినోళ్ళు మస్తుమంది ఉన్నరు, 147 బాల్స్‌ల 300 కొట్టినోడు మాత్రం ఇంకొకడు లేడు.

అసలు హైదరాబాద్ ఆ గ్రూపుల ఎందుకున్నది? 1937-38ల, 1986-87ల రంజీ గెలిచిన టీం ఇది. 1999-2000ల లక్ష్మణ్ ఒక్క సీజన్‌ల 1415 పరుగులు జేసి, సెమీఫైనల్‌ల కర్ణాటక మీద 353 కొట్టిన టీం. ఆ టీం 2022-23ల గ్రూపుల అట్టడుగున వడి ప్లేట్‌లకు జారింది. సంఘంల పెద్దమనుషుల కొట్లాట సుప్రీంకోర్టు దాంక పోయింది, దెబ్బ తగిలింది మాత్రం పిలగాండ్లకు. ఎలైట్‌ల 32 టీంలు, ప్లేట్‌ల ఆరు. ఒక సీజన్ అంతా ముంబై లేదు, కర్ణాటక లేదు. రన్స్ కొడితె "ఎవ్వల మీద?" అంటరు, కొట్టకుంటె "గండ్ల గూడ కొట్టలేదా?" అంటరు.

అవార్డులిచ్చే కాడ బోర్డు ఈ తిప్పలకు ఒక ఉపాయం జేసింది. ఆ 2023-24 సీజన్‌ల ప్లేట్‌ల మిజోరం తరఫున అగ్ని చోప్రా 939 జేసిండు. ఎలైట్‌ల మన ఆంధ్రా పిలగాడు రికీ భుయ్ 902. ఒక్కటే తక్కెడల తూకితె భుయ్‌కు వచ్చేది సున్న. గందుకే మాధవ్‌రావ్ సింధియా అవార్డు రెండు జేసి, ఎలైట్‌కు ఒకటి, ప్లేట్‌కు ఒకటి ఇచ్చిన్రు. నాకైతె ఇది మంచిగనే అనిపిస్తది. కాకపోతె టీంలకు దీస్కునే కాడ రెండు కుర్చీలు ఉండయ్ గదా. 2018-19ల సిక్కిం తరఫున మిలింద్ కుమార్ 1331 జేసిండు, లక్ష్మణ్ రికార్డుకు 84 తక్కువ. ఇండియా టీం పిలుపు రాలె. ఇయ్యాల అమెరికా టీంకు ఆడుతున్నడు.

ఇగ సిరాజ్ ముచ్చట. 2016-17ల హైదరాబాద్ సీ గ్రూపుల ఉన్నది, గది గూడ గప్పటి కింది గ్రూపే. ఆ సీజన్‌ల సిరాజ్‌కు 41 వికెట్లు వచ్చినయ్. "చిన్న టీంల మీద దీసినవ్" అని పక్కకు వెడితె కథ గక్కడనే ఒడుస్తుండె. పెట్టలె. ఐపీఎల్‌ల దీస్కున్నరు, బాల్ చేతికిచ్చిన్రు. 2025ల ఇంగ్లండ్ గడ్డ మీద సిరీస్‌ల అందరికంటె ఎక్కువ, 23 వికెట్లు దీసిండు. ఓవల్‌ల ఆరు పరుగులతోని మ్యాచ్ గెలిపిచ్చిండు.

నేను జెప్పేది గిదే. చిన్న టీం మీద కొట్టిన రన్స్ దొంగ రన్స్ కావు, అట్లని సర్టిఫికెట్ గూడ కావు. గది దరఖాస్తు. "నన్ను పెద్ద టీం మీద ఆడియ్యున్రి" అని పెట్టుకున్న అర్జీ. అర్జీ చూసి మ్యాచ్ ఇయ్యాల్సింది పైనున్నోళ్ళు.

మీ మండలంల, మీ జిల్లాల జరిగేది గూడ గిదే. లీగులు, మంచి గ్రౌండ్లు ఎక్కువ హైదరాబాద్ సుట్టే ఉన్నయ్. ఊరి పిలగాడు సెలక్షన్లకు వచ్చి స్కోర్లు జెప్తె "ఎవ్వల మీద కొట్టినవ్ బిడ్డా?" అని అడుగుతరు. ప్రశ్న సరైందే. కని సిటీ టీంలతోని ఆడే మోక ఒక్కసారి గూడ ఇయ్యకుండ ఆ ప్రశ్న అడిగే హక్కు ఎక్కడిది? అరుణాచల్ మీద నవ్వేటోళ్ళు గూడ జర ఆలోచన జెయ్యాలె. ఆ ఈశాన్య రాష్ట్రాలల్ల శానా మటుకు 2018-19లనే రంజీల అడుగువెట్టినయ్. మన ఊరి పిలగాడు సిటీ టీం ముందట ఎట్ల నిలవడ్తడో, అరుణాచల్ పిలగాడు మన హైదరాబాద్ ముందట గట్లనే నిలవడ్డడు.

ఇగ నాచారం పంచాయితి. ఆ వారం అవార్డు ఎవ్వలికి ఇస్తవ్ అంటె పోప్‌కే ఇస్త అన్న. తన్మయ్‌కు ఏమిస్తవ్ అంటె, బుమ్రా బౌలింగ్‌ల ఒక మ్యాచ్ ఇస్త అన్న. ఇద్దరికీ నచ్చలె. "గోడ మీది పిల్లివి అన్నా నువ్వు" అన్కుంట లేసిపోయిన్రు. చాయ్ పైసలు నేనే కట్టిన.