పుస్తె కట్టిన ఫ్రేము ఏది?

44వ నంబరు హైవే మీదున్న కొత్తకోటలో ఓ పెళ్లి వీడియో మూడు గంటలు నడిచిందనుకోండి. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 2,70,000 బొమ్మలు. వాటిలో పది ఏరి పెళ్లంతా చూపించమంటే ఇంట్లో ఎవరైనా చూపిస్తారు. కంప్యూటర్‌ మాత్రం ముప్పై ఏళ్లుగా ఇదే తంటాలో ఉంది.

మొదట రంగుల లెక్కతో మొదలుపెట్టింది. ఫ్రేములో ఏ రంగు ఎంతుందో చూసి పక్క ఫ్రేముతో పోల్చాలి. తేడా ఒక్కసారిగా పెరిగితే షాట్ మారినట్టే. షాట్‌కో బొమ్మ తీసుకోవచ్చు. ఒక దృశ్యం మెల్లగా కరిగి మరోదానిలో కలిస్తే ఈ లెక్కకు అందదు. అందుకే 1993లో సింగపూర్‌లో హాంగ్‌జియాంగ్ ఝాంగ్, ఆత్రేయీ కంకణహళ్లి, స్టీఫెన్ స్మోలియార్ రెండు హద్దులు పెట్టారు: పెద్ద తేడాకు ఒకటి, కొద్దికొద్దిగా పోగయ్యే తేడాకు ఒకటి. ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొడితే మాత్రం ఫ్రేమంతా తెల్లబడి, లేని షాట్ పుట్టుకొస్తుంది.

తర్వాత పోలికలున్న ఫ్రేములను గుంపులు కట్టి, పెద్ద గుంపు నుంచి ఒకటి తీయడం వచ్చింది. అసలు చిక్కు ఇక్కడే. బరాత్ గంట సాగుతుంది, భోజనాలు ఇంకో గంట, మూడు ముళ్లు అర నిమిషం. ఎక్కువసేపు కనబడిందే ముఖ్యమనుకునే యంత్రం బంతిభోజనానికి మూడు బొమ్మలిచ్చి పుస్తెను వదిలేయగలదు.

కంటికి చెవిని తోడు చేసింది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1994లో మొదలైన ఇన్ఫర్మీడియా ప్రాజెక్టు. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి ఆ బృందంలో ఒకరు. అక్కడి స్ఫింక్స్ అనే ప్రోగ్రామ్ మాటలను అక్షరాలుగా మార్చేది. 1997లో మైఖేల్ స్మిత్, తకెయో కనాదె ముఖ్యమైన మాటలు, ముఖాలు, తెర మీది అక్షరాలు, కెమెరా కదలిక కలిపి చూసి పొట్టి వీడియోలు చేయించారు. పెళ్లికైతే గట్టిమేళం చాలు, ముడి పడుతోందని తెలిసిపోతుంది.

రాజ్ రెడ్డి పాలకమండలి అధ్యక్షుడిగా పనిచేసిన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో మకరంద్ తపస్వి బృందం 2024లో ఇంకో ఉపాయం చూపింది. ‘24’, ‘ప్రిజన్ బ్రేక్’ సీరియళ్లలో ఎపిసోడ్ ముందు వచ్చే ‘ఇంతవరకు జరిగిన కథ’నే పాఠంగా పెట్టారు. ఎడిటర్ ఏరుకున్న షాట్లు, డైలాగులు చూసి ఏది ఉంచాలో యంత్రం నేర్చుకుంటుంది.

పెళ్లి వీడియోలకూ అలాంటి పాఠం సిద్ధంగానే ఉంది. పూర్తి నిడివి వీడియోతో పాటు మూడు నిమిషాల హైలైట్స్ కూడా కోసి ఇస్తారుగా! ఆ జతలను చూపిస్తే పుస్తె ముడి ఎక్కడుందో యంత్రం పట్టేయొచ్చు. డ్రోన్ షాట్లు, స్లో మోషన్ పిచ్చి కూడా వాటితో పాటే అంటుకుంటాయనుకోండి.