పళ్ల డాక్టరు యూనిఫాం వేసుకుంటే... మీకు తెలుసా?

మన సైన్యంలో చేరేవాళ్లకు ఎత్తు, ఛాతీ కొలుస్తారని అందరికీ తెలుసు. పళ్లకు మార్కులు వేస్తారని తెలుసా? పైపన్నుకు ఎదురుగా కిందిపన్ను ఉండి, ఆ జత కొరకడానికీ నమలడానికీ పనికొస్తేనే పాయింటు. ముందు పళ్లు, కోరపళ్లు, చిన్న దవడపళ్లకు ఒక్కొక్కటి, పెద్ద దవడపళ్లకు రెండేసి. ముప్పై రెండూ నిక్షేపంగా ఉంటే మొత్తం 22. కనీసం 14 వస్తేనే లోపలికి.

ఈ పట్టింపు పాతదే. 1860లలో అమెరికా అంతర్యుద్ధంలో తుపాకీ మందు కాగితపు గొట్టాల్లో వచ్చేది. దాన్ని పళ్లతో చింపి తుపాకీలో పోయాలి. ముందు పళ్లు లేనివాడు అందుకు పనికిరాడు. యుద్ధం తప్పించుకోవడానికి ఆ పళ్లు పీకించుకున్న ఘనులూ ఉన్నారు!

మొదటి ప్రపంచ యుద్ధానికి 1914లో బ్రిటిష్ సేన ఒక్క పళ్ల డాక్టరు కూడా లేకుండా ఫ్రాన్స్‌కు వెళ్లింది. అక్టోబరులో, సరిగ్గా పోరు మధ్యలో జనరల్ డగ్లస్ హేగ్‌కు పంటినొప్పి పట్టుకుంది. పారిస్ నుంచి వైద్యుణ్ని పిలిపించాల్సి వచ్చింది. ఆ తర్వాతే, ఆ ఏడాదిలోనే, దంతవైద్యులను సైన్యంలోకి తీసుకున్నారు. సిపాయిల పళ్లు అంతకుముందు నొప్పి పెట్టలేదని కాదు, నొప్పి పెద్దాయనకు వచ్చేదాకా పట్టించుకోలేదంతే.

మన ఆర్మీ డెంటల్ కోర్ 1941 ఫిబ్రవరి 1న పుట్టింది. పేరులో ఆర్మీ ఉన్నా నౌకాదళానికీ వాయుసేనకూ పళ్ల వైద్యం చేసేది వీళ్లే. దీని అధిపతి హోదా లెఫ్టినెంట్ జనరల్.

ఇక బీడీఎస్ పూర్తిచేసి, క్లినిక్ పెట్టాలా, ఎక్కడైనా చేరాలా అని ఊగిసలాడేవాళ్ల సంగతి. ఈ కోర్‌లో షార్ట్ సర్వీస్ కమిషన్‌కు, అంటే పరిమిత కాలపు ఆఫీసరు ఉద్యోగానికి, విడిగా రాత పరీక్ష లేదు. నీట్ ఎండీఎస్ మార్కులను బట్టే ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఎంపికైతే మొదటి రోజే కెప్టెన్. మూలవేతనం 61,300 రూపాయలు, మిలిటరీ సర్వీస్ పే 15,500. సొంత ప్రాక్టీసు వదులుకున్నందుకు మూలవేతనంలో 20 శాతం అలవెన్సు, ఆపైన కరువు భత్యం. క్లినిక్ అద్దె, కుర్చీ తాలూకు ఈఎంఐ ఉండవు. రూట్ కెనాల్ దగ్గర బేరమాడే పేషెంటూ ఉండడు. కాకపోతే ఏ ఊళ్లో ఉండాలో మీరు చెప్పలేరు.

అసలు పీటముడి వేరే ఉంది. ఈ ఉద్యోగం మొదట అయిదేళ్లు, ఆపైన పొడిగిస్తే మరో తొమ్మిదేళ్లు, మొత్తం 14. ఆఫీసర్‌కు పెన్షన్ రావాలంటే 20 ఏళ్ల సర్వీసు ఉండాలి. పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా కొనసాగే అవకాశం, దొరక్కపోతే నలభై ఏళ్ల దగ్గర్లో బయటికొచ్చి, తోటివాళ్లు అప్పటికే పాతుకుపోయిన ఊళ్లో కొత్తగా బోర్డు కట్టుకోవాలి. నన్నడిగితే జీతం కన్నా ముందు ఆలోచించాల్సింది దీని గురించే.

అమ్మాయిలకు ఇంకో సంగతి. ఈ నియామకాల్లో ఒకప్పుడు వాళ్లకు పది శాతం పోస్టులే. నీట్‌లో 2,394వ ర్యాంకు దాకా మగవాళ్లను పిలిచి, ఆడవాళ్లను 235 దగ్గరే ఆపేశారు. 2023లో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. ఇకపై స్త్రీ పురుష భేదం లేకుండా తీసుకుంటామని కేంద్రం కోర్టుకు చెప్పింది.

వాయుసేన పళ్లూ వీళ్లే చూస్తారన్నాం కదా, విమానం ఎత్తుకు వెళ్లినప్పుడు పైలట్‌కు పన్ను సలపవచ్చని తెలుసా? పుచ్చిన పంటిలోనో, సరిగా అతకని ఫిల్లింగ్ కిందో చిక్కుకున్న గాలి, బయట పీడనం తగ్గగానే వ్యాకోచిస్తుంది.

పళ్ల డాక్టరుకు యుద్ధంతో ఏం పని అనుకునేవాళ్లు బెన్ సాలమన్ కథ వినాలి. ఈ అమెరికన్ దంతవైద్యుడు 1944 జులై 7న సైపాన్ దీవిలో, గాయపడిన సర్జన్‌కు బదులుగా పనిచేస్తున్నాడు. జపాన్ సైనికులు చికిత్సా శిబిరంలోకి చొరబడ్డారు. క్షతగాత్రులను వెనక్కి తీసుకెళ్లమని చెప్పి, తను మెషిన్ గన్ దగ్గర నిలబడ్డాడు. తర్వాత చూస్తే ఆయన శవం ముందు 98 మంది శత్రువుల శవాలు. వైద్యుడు ఆయుధం పట్టకూడదన్న వాదన మీద పతకం ఆపేశారు. పేషెంట్లను కాపాడుకోవడానికి పట్టవచ్చని జెనీవా ఒప్పందంలోనే ఉంది! చివరికి 2002లో మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.

ఈమధ్య నోటిఫికేషన్లలో వయోపరిమితి 45 ఏళ్లు. ఇంటర్న్‌షిప్ కాగానే పరుగెత్తాల్సిన పని లేదు. నోటిఫికేషన్‌లో పర్మనెంట్ కమిషన్ నిబంధనలు మాత్రం రెండుసార్లు చదివి దరఖాస్తు పెట్టండి.