గంటకు 38 సార్లు ఆగిన ఊపిరి

మా ఇంట్లో గురక కొత్తేం కాదు. ఎల్లారెడ్డిలో మాది రెండు గదుల ఇల్లు. బాపు గురక వింటూనే టెన్త్ చదివా, ఇంజినీరింగ్ ఎగ్జామ్స్‌కీ ప్రిపేరయ్యా. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చాక ‘మా బాపు పడుకున్నా డీసీఎం నడుస్తున్న సౌండే వస్తది’ అని రూమ్మేట్స్ దగ్గర జోకులేసేవాణ్ని.

కిందటి యాసంగి వడ్లప్పుడు ఆ జోకు ఆగిపోయింది. ఐకేపీ సెంటర్ నుంచి కామారెడ్డి రైస్‌మిల్లుకు వడ్ల బస్తాలు తీసుకెళ్తుంటే, లింగంపేట దాటాక బాపు బండి రోడ్డు దిగి పొలం గట్టుకు తగిలి ఆగింది. ఎదురుగా ఎవరూ రాలేదు కాబట్టి సరిపోయింది. ‘ఏం లేదురా, జర కన్నంటుకున్నది’ అన్నాడు ఫోన్‌లో. అప్పుడు టైమ్ మధ్యాహ్నం మూడు. ముందు రోజు రాత్రి తొమ్మిదింటికే పడుకున్నాడు. ఈ లెక్క నాకు ఎక్కడా కుదరలేదు.

ఆ వారం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఇంటికొచ్చా. రాత్రి బాపు పక్కన కూర్చుని ఫోన్‌లో వీడియో తీశా. గురక పెరిగి పెరిగి, టక్కున ఆగిపోయింది. ఛాతీ, పొట్ట కదులుతున్నాయి కానీ గాలి లోపలికి పోవడం లేదు. లెక్కపెడితే 34 సెకన్లు! తర్వాత నీళ్లలో మునిగి పైకి తేలినవాడిలా ఒక్కసారిగా ఊపిరి లాగాడు. మళ్లీ గురక మొదలు.

పొద్దున అమ్మకు చూపిస్తే ఆశ్చర్యపోతుందనుకున్నా. ‘నాకెర్కలేదా? ఊపిరాగితే తట్టి లేపేది నేనే గదా. ఏండ్ల సంది నాకు నిండా నిద్రే లేదు’ అంది.

అసలేం జరుగుతుంది?

దీని పేరు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసదారిని మూసేస్తాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. ప్రమాదం పసిగట్టిన మెదడు ఒక్క క్షణం లేపుతుంది. దారి తెరుచుకుంటుంది. ఇలా రాత్రంతా జరిగినా మనిషికి పొద్దున ఏమీ గుర్తుండదు. తలనొప్పి, ఎండిపోయిన నోరు, పగలంతా మత్తు మాత్రం మిగులుతాయి. రాత్రుళ్లు పదేపదే మూత్రానికి లేవడం, మందులకు లొంగని బీపీ కూడా దీని గుర్తులే. మా బాపుకు ఇవన్నీ ఉన్నాయి. ఊళ్లో చూపిస్తే ‘నీరసం’ అని బలానికి ఇంజెక్షన్లు వేశారు.

‘గ్యాంగ్ లీడర్’ పాటలకు సంగీతం ఇచ్చిన బప్పీ లహరి గుర్తున్నారు కదా? 2022 ఫిబ్రవరిలో ఆయన చనిపోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం ఈ జబ్బే. ‘గురక పెడితే మంచి నిద్ర పట్టినట్టే’ అనుకునే మన ఇళ్లల్లో ఈ సంగతి తెలియాలి.

పరీక్ష మంచం మీదే

కామారెడ్డిలో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ముందు వీడియో చూపించా. ఆయన మెడ చుట్టుకొలత, బరువు, బీపీ చూసి, కూర్చున్నప్పుడు, టీవీ చూసేటప్పుడు, ప్రయాణంలో ఎంత నిద్రొస్తుందో అడిగి మార్కులు వేశారు. తర్వాత స్లీప్ స్టడీ రాశారు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి ల్యాబ్‌లో పడుకోబెట్టి మెదడు తరంగాలతో సహా రికార్డ్ చేసేది. రెండోది ఇంట్లోనే చేసుకునేది. మాకు రెండోది సరిపోతుందన్నారు. వేలికి క్లిప్, ముక్కు దగ్గర సన్నటి పైపు, ఛాతీకి బెల్టు. అంతే. సూదులు లేవు, నొప్పి లేదు.

రిపోర్ట్‌లో చూడాల్సిన నంబర్ ఏహెచ్‌ఐ. అంటే గంటకు ఎన్నిసార్లు ఊపిరి కనీసం పది సెకన్ల పాటు ఆగింది లేదా బాగా తగ్గింది అనే లెక్క. పెద్దవాళ్లలో 5 లోపు ఉంటే నార్మల్. 15 దాకా కొద్దిపాటి, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. మా బాపుది 38. అంటే దాదాపు ప్రతి నిమిషంన్నరకు ఒకసారి. ఆక్సిజన్ ఒక దశలో 74కు పడిపోయింది.

‘ట్రీట్‌మెంట్ కుదురుకునే దాకా స్టీరింగ్ పట్టొద్దు’ అన్నారు డాక్టర్. బాపు ముఖం మాడిపోయింది. సీజన్ నడుస్తోంది. సేటుకు తెలిస్తే బండి ఇంకొకరికి ఇచ్చేస్తాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు.

మాస్క్‌తో కొట్లాట

చికిత్స పేరు సీప్యాప్. చిన్న మెషీన్ పైపు ద్వారా కొంచెం ఒత్తిడితో గాలి పంపిస్తుంది. ఆ గాలే గొంతును మూసుకోకుండా ఆపుతుంది. 1980లో సిడ్నీలో డాక్టర్ కాలిన్ సలివాన్ దీన్ని కనిపెట్టారు. మొదట్లో వాక్యూమ్ క్లీనర్ మోటార్‌ను వాడారట!

‘ముక్కుకు పైపు పెట్టుకొని పండాల్నా? నేనేమన్న ఐసీయూల ఉన్ననా?’ అన్నాడు బాపు. మొదటి రాత్రి ఒంటిగంటకే మాస్క్ పీకేశాడు. రెండో రాత్రి గాలి లీకై కళ్లు మండాయి. మూడో రోజు మాస్క్ సైజు మార్చాం. గాలి ఒత్తిడి మెల్లగా పెరిగేలా సెట్ చేయించాం. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకోవడం అలవాటు చేశాం. మెషీన్ మొదట నెల అద్దెకే తెచ్చాం. పనికొస్తుందని తేలాక ఈఎంఐలో కొన్నా. కరెంటు పోతే ఆగిపోతుంది కాబట్టి ఇన్వర్టర్ కూడా.

మూడు వారాల తర్వాత మెషీన్ డేటా తీసి చూస్తే ఏహెచ్‌ఐ 3!

సేటుకు బాపే స్వయంగా చెప్పాడు. ఆ సీజన్ బండి వేరే డ్రైవర్ నడిపాడు. డబ్బుకు ఇబ్బంది పడ్డాం, నిజమే. వానాకాలం వడ్లప్పుడు డాక్టర్ సరేనన్నాక మళ్లీ పిలిచారు. ఇప్పటికైతే పగటి ట్రిప్పులే.

మీ ఇంట్లో ఉంటే...

గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగడం, పగటి నిద్ర... ఈ మూడూ కనిపిస్తే వీడియో తీయండి. దాన్ని స్టేటస్‌లో పెట్టకండి, డాక్టర్‌కు చూపించండి. సన్నగా ఉన్నవాళ్లకూ ఇది రావచ్చు. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం కొంత సాయం చేస్తాయి. డాక్టర్ చెప్పకుండా నిద్రమాత్రలు వేసుకోవద్దు. పడుకునే ముందు మందు, కల్లు వద్దు. మత్తుమందు కలిపిన కల్లయితే మరీ ప్రమాదం. గొంతు కండరాలు ఇంకా వదులైపోతాయి.

బాపు తెల్లార్లు మాస్క్ పెట్టుకుని పడుకున్న మొదటి రాత్రి అమ్మ మాత్రం నిద్రపోలేదు. ఇల్లంతా అంత నిశ్శబ్దంగా ఉండేసరికి భయమేసి మూడుసార్లు లేచి, బాపు ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసిందట.

ఈ మధ్య ఫోన్ చేసి అడిగితే నవ్వింది. ‘పొద్దున ఏడైనా లేస్తలేను బిడ్డా. మీ బాపే చాయ పెట్టి లేపుతున్నడు.’