ఎగురు పళ్లెపుటాట: అభ్యాసము చేయించు విధము



నేను ముప్పదియైదు సంవత్సరములు బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. చిన్ననాట గురువుగారి యింట కావ్యములును, కొంత వ్యాకరణమును చదువుకొంటిని. ఇట్టివాడు రేడియోలో పరుగులను గూర్చియు, పిల్లల ఆటను గూర్చియు ఉపన్యసించుటకు వచ్చెనేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మొదట నేనును నవ్వుకొంటిని. కాని గడచిన రెండేండ్లుగా హైదరాబాదు గుడిమల్కాపూరులో మా వాడ పిల్లల జట్టునకు నేనే ఉదయపు అభ్యాసము చేయించుచున్నాను. ఆ పనిలో ఒక పెద్ద తప్పు చేసి, కొంత దిద్దుకొంటిని. దానిని మీకు తెలిపినచో మీ యూరి పిల్లలకు ఆ కష్టము తప్పునని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

ఈ ఆట పేరు అల్టిమేట్. దీనికి కావలసిన పరికరము ఒక్కటే, ఫ్రిస్బీ యని పిలువబడు ప్లాస్టిక్ పళ్లెము. పోటీలలో వాడునది 175 గ్రాముల బరువు, జానెడుకు మించిన వెడల్పు గలది. దాని అంచు క్రిందికి వంగియుండును. బొంగరము తిరుగుచున్నంతసేపు నిలిచి, తిరుగుడు తగ్గగానే ఒరిగిపోవుట మీరెరిగినదే. ఈ పళ్లెమును అట్టిదే. తన చుట్టు తాను వడిగా తిరుగుచున్నంతవరకు గాలిలో చదునుగా సాగును. తిరుగుడు చాలనిచో ఒరిగి నేలబడును. కావున దీనిని విసరుటలో భుజబలముకంటె మణికట్టును చటుక్కున త్రిప్పుట ముఖ్యము.

1968లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, మేపుల్‌వుడ్ అను ఊరిలోని కొలంబియా హైస్కూలు విద్యార్థులు ఈ ఆటకు రూపము కల్పించిరి. 1985లో దీనికొక ప్రపంచసమాఖ్య యేర్పడెను. 2015లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ఆ సమాఖ్యకు గుర్తింపు నొసగెను. మన దక్షిణదేశమున చెన్నపట్టణపు సముద్రతీరములో యువతీయువకులు కలిసి చాల యేండ్లుగా దీనిని ఆడుచున్నారు.

ఆట నియమములు కొద్దివి. మైదానము 100 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు. రెండు చివరలను 18 మీటర్ల చొప్పున గెలుపుగడులు. జట్టునకు ఏడుగురు. పళ్లెము చేతగలవాడు పరుగెత్తరాదు. ఒక పాదమును నేలపై నిలిపి, రెండవ పాదమును మాత్రము అటునిటు త్రిప్పుకొనుచు, తోడివానికి విసరవలెను. ఎదుటిజట్టువాడు దగ్గర నిలిచి పదివరకు బిగ్గరగా లెక్కించును. ఆలోపల పళ్లెము చేయి విడువవలెను. అది నేల తాకినను, ఎదుటివారు పట్టినను వారి పాలగును. గెలుపుగడిలో మనవాడు పట్టినచో మనకొక పాయింటు. ఒకరి నొకరు త్రోయరాదు. వింతయేమనగా, ఈ యాటలో సాధారణముగా నిర్ణేత యుండడు. తప్పు జరిగినచో ఆటగాండ్రే చెప్పి, ఆటగాండ్రే ఒప్పుకొనవలెను.

ఇక నా తప్పు సంగతి. మా మనుమరాలును దాని స్నేహితులును ఈ ఆట నేర్చుకొనగోరి, పెద్దవాడొక్కడు దగ్గరనున్న మంచిదని నన్ను పిలిచిరి. నాకు తెలిసినది బడి డ్రిల్లు. అందరిని వరుసగా నిలిపి, మైదానము చుట్టు ఐదుసారులు పరుగెత్తించి, పిమ్మట ఒక్కొక్కరిచేత ఒక్కొక్కసారి పళ్లెము విసరించుచుంటిని. ఆలస్యముగా వచ్చినవారికి అదనముగా నాలుగు చుట్లు శిక్ష. నెల తిరుగునప్పటికి పదునాలుగురు పిల్లలు ఎనమండ్రైరి. ఒకనాడు మనుమరాలు, "తాతా, మాకు నిలబడుడే వచ్చింది, ఆట రాలేదు" అన్నది. కోపము వచ్చినను, మరునాడు ఊరక కూర్చుండి లెక్కించితిని. గంటసేపటిలో ఒక్కొక్క బిడ్డచేతికి పళ్లెము వచ్చినది పదిసారులకు లోపే. తక్కిన కాలమంతయు చుట్లు తిరుగుటయు, వంతుకై వేచియుండుటయు.

అంతకంటె నొప్పించిన విషయము వేరొకటి. మానివేసిన పిల్లలలో ఒక బాలుడుండెను. అతడు తరచు ఆలస్యముగా వచ్చెడివాడు. తరచు నాలుగు చుట్లు తిరిగెడివాడు. ఒక్క మాట అనెడివాడు కాడు. విచారింపగా తెలిసినదేమనగా, మా గుడిమల్కాపూరు పూలమార్కెట్టులో చీకటితోనే బంతి, చామంతి గంపలు దిగును. వాని తండ్రి అచట బరువులు మోయును. బాలుడు తండ్రికి సాయపడి, అటనుండి నేరుగా మైదానమునకు వచ్చుచుండెను. గంపలు మోసి వచ్చిన కాళ్లకు నేను శిక్ష విధించితిని. పరుగును శిక్షగా వాడిన గురువు పిల్లలకు పరుగుపై ద్వేషమును నేర్పినవాడే యగును. నేను వాని యింటికి పోయి, నాదే పొరపాటని చెప్పి, మరల రమ్మని పిలిచితిని.

అటుపై అభ్యాసమును ఎట్లు మార్చవలెనని ఆలోచింపగా, నాకు దారి చూపినది నేనెరిగిన పాతచదువే. వేదాధ్యయనము చేయువారు మొదట సంహితను, అనగా మంత్రమును ఉన్నదున్నట్లు వల్లింతురు. పిదప పదపాఠమున ఒక్కొక్క పదమును విడదీయుదురు. క్రమపాఠమున ఒకటవదానిని రెండవదానితో, రెండవదానిని మూడవదానితో కలుపుదురు. జటలో ముందునకు పోయి, వెనుకకు మరలి, మరల ముందునకు పోవుదురు. ఘనపాఠము అంతకంటె చిక్కనిది. ఇన్ని విధములుగా విడదీయుట ఎందులకు? సంహిత చెడకుండుటకే. ఆటకు ఆటయే సంహిత. తక్కిన అభ్యాసములన్నియు దానిని విడదీసి చూపునవి. విడదీసిన దానిని ఆనాడే మరల ఆటలో కలుపవలెను. నేను పదములను మాత్రమే వల్లింపజేసి, సంహితను మరచితిని.

ఇప్పుడు మా పద్ధతి చెప్పెదను.

మొదటిది విసరుట. పిల్లలను ఇద్దరిద్దరుగా పది పదునైదు అడుగుల దూరమున నిలిపి, ప్రతి జంటకు ఒక పళ్లెమిత్తుము. చేతిని దేహమున కడ్డముగా త్రిప్పి విసరుట ఇరువదిసారులు. చేతివైపు ప్రక్కనుండి రెండు వ్రేళ్ల పట్టుతో విసరుట ఇరువదిసారులు. పిమ్మట ప్రతి జంటకును ఒక మూడవవానిని చేర్చి, విసరువాని యెదుట నిలిపి పదివరకు లెక్కింపజేయుదుము. అడ్డము లేనప్పుడు చక్కగా విసరువాడు, లెక్క వినబడగానే తొట్రుపడును. ఆ తొట్రుపాటును ఆటకు ముందే తీర్చవలెను.

రెండవది ఎదురేగి పట్టుట. రెండు వరుసలు ముఖాముఖిగా నిలుచును. ఒక వరుసవాడు పరుగెత్తి వచ్చుచుండగా ఎదుటివాడు విసరును. పట్టినవాడు ఆగి, తనకై వచ్చుచున్న తరువాతివానికి విసరును. ఒకటి రెండునకు, రెండు మూడునకు, క్రమపాఠమువలె. ఇందు నేర్పవలసినది, పళ్లెము తనయొద్దకు వచ్చువరకు నిలువరాదని. నిలిచినచో వెనుకనుండి ప్రత్యర్థి వచ్చి అందుకొనును. వరుసలో నలుగురికి మించరాదు. మించినచో మరియొక వరుస కట్టుడు.

మూడవది మరలుట. పూలమార్కెట్టులో ఖాళీయైన గంపలను అడిగి తెచ్చి గురుతులుగా పెట్టితిమి. పిల్లవాడు దూరమున పళ్లెమందుకొనువానివలె గంపవరకు వడిగా పరుగెత్తి, పాదమూని, చటుక్కున మరలి రావలెను. వెంబడించువాడు రెండడుగులు వెనుకబడును. ఆ రెండడుగులే మన లాభము. మరలుటకుముందు అడుగులు చిన్నవి చేసి, మోకాళ్లు కొంచెము వంచి, దేహమును దించవలెను. నిటారుగా నుండి మరలినచో మోకాలికి, చీలమండకు హాని కలుగును. పళ్లెము రానిచో అచటనే నిలిచి చేతులూపక, ప్రక్కకు తొలగి తోడివానికి దారి నీయవలెను. పిల్లలకు అన్నిటికంటె ఆలస్యముగా వచ్చు విద్య ఇదియే.

నాలుగవది చిన్న ఆట. ముగ్గురికి ముగ్గురు, చిన్న స్థలము, ఒక్క నిబంధన. ఒకనాడు పదికి బదులు ఐదు లెక్కలోపల విసరవలెనందుము. వేరొకనాడు జట్టులోని ప్రతివాడును పట్టినగాని పాయింటు లేదందుము. గద్దింపవలసిన పనిని నిబంధనయే చేయును.

ఈ యుపాయము నాది కాదు. మా హైదరాబాదులో పూర్వమే యున్నది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అను ఉపాధ్యాయుడు బడిలో పాఠములు చెప్పుచునే ఫుట్‌బాలు నేర్పెను. ఆయన తర్ఫీదులో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచెను. ఆయన నడపిన భారతజట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము పొందెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. ఆయన 1963లో కాలధర్మము నొందెను. ఎవడును బంతిని తన కాలితో ఎదుటివారిని తప్పించుచు తీసికొనిపోరాదను నియమముతో ఆయన ప్రత్యేకముగా పోటీలు పెట్టించెడివాడు. అట్లు నిషేధింపగా తోడివానికి బంతి నిచ్చుట తప్ప వేరు గతి లేదుగదా! నియమము మార్చి పాఠము చెప్పిన ఆ బడిపంతులును తలచుకొన్నప్పుడెల్ల, ముప్పదియైదేండ్లు బెత్తమును నమ్మిన నాకు సిగ్గు కలుగును.

ఐదవది పరుగు. ఈ ఆటలో ఎవడును గంటసేపు ఒకే వేగమున పరుగెత్తడు. కొన్ని క్షణములు మిక్కిలి వడిగా పరుగు, కొంత నడక, మరల వడి; పాయింటునకు పాయింటునకు నడుమ విశ్రాంతి. కావున మైదానపు చుట్లు మానిపించితిని. ఇప్పుడు ఇరువది ముప్పది మీటర్ల పరుగులు, మొదట ఆరు. నెలకొకటి రెండు పెంచి పదివరకు. ప్రతి పరుగునకు పిమ్మట మెల్లగా నడచి వెనుకకు రావలెను. అడుగు చెదరినచో ఆనాటికి చాలించవలెను. వారమునకు రెండుదినములు చాలును. ఎండ ముదరకముందే ముగింపవలెను, నీళ్లకుండ దగ్గరనుండవలెను, దప్పిక ఓర్చుకొనుట వీరత్వమని నేర్పరాదు.

మొత్తము గంటన్నర. పావుగంట నెమ్మది పరుగును కీళ్లు సడలించుటయు, ఇరువది నిమిషములు విసరుట, ఇరువది నిమిషములు ఎదురేగుట, మరలుట, అరగంట ఆట. కడపటి ఐదు నిమిషములు అందరును వలయముగా నిలిచి, ఆనాడు జరిగిన వివాదములను నెమ్మదిగా చెప్పుకొందురు. నిర్ణేత లేని ఆటకు సత్యమును అభ్యాసముననే నేర్పవలెను. చిన్న ఆటలో తప్పు జరిగినప్పుడు నేను తీర్పు చెప్పను, వారే తేల్చుకొందురు. తేలనిచో పళ్లెము విసరినవానికి మరలివచ్చి, అచటినుండి ఆట సాగును.

పోయిన సంక్రాంతి సెలవులలో పొరుగువాడ జట్టుతో మా పిల్లలు ఆడిరి. ఇరువురికిని పాయింట్లు సమానమై కడపటి పాయింటు మిగిలెను. గెలుపుగడిలో మావాడొకడు నేలకు వ్రాలి పళ్లెమును పట్టెను. మావారందరు కేకలు వేసిరి. ఎదుటివారికిని అనుమానము లేదు. అంతట ఆ బాలుడు లేచి, "నేలకు తగిలింది" అని పళ్లెమును వారి చేతికిచ్చెను. వారు ఆ పళ్లెముతోనే గెలిచిరి. అతడు ఆ పూలగంపల బాలుడే. ఇంటికి వచ్చుచు, బాధగా నున్నదా యని అడిగితిని. "ఉంది సార్. రేపు ఇంకొంచెం ముందు ఉరుకుత" అనెను.

పెద్దలారా! మీ యూరిలో పంటకోసిన చేను గాని, చెరువుక్రింది బయలు గాని ఉండకపోదు. ఒక గంట పిల్లల కిండు. ఈ యాటలో త్రోపులాట లేదు గనుక ఆడపిల్లలను మగపిల్లలతోపాటు ఆడనిండు. మా జట్టులో ఐదుగురు బాలికలున్నారు, పళ్లెము చదునుగా విసరుటలో నలుగురు బాలురకంటె మేలు. నేర్పువాడు దొరకనిచో మీలో ఒకరు గంపలు పెట్టి, గంట చూచుటకు కూర్చుండుడు. విసరుట మీకు రానక్కరలేదు; నాకును నేటికి సరిగా రాదు. ప్రతి బిడ్డచేతికి పళ్లెము ఎన్నిమారులు వచ్చెనో లెక్కించుడు. ఆలస్యముగా వచ్చినవానిని, ఎందులకని ముందు అడుగుడు.

ఇక సెలవు.