డబ్బాలో టమాటా... ఇటలీ రుచి!

పప్పులోకి, చారులోకి, పులుసులోకి... కాకినాడ వంటింట్లో టమాటా పడని రోజు అరుదే. అదే టమాటాను ఇటలీ వాళ్లు సాస్‌గా మార్చి ఏడాది పొడవునా తింటారు. అదీ డబ్బాలోంచి తీసి! తాజా పండు ఉండగా ఈ డబ్బా ఎందుకు? దాంతో అసలైన సాస్ ఎలా చేస్తారు? రండి, చూద్దాం.

పిల్లలు పాస్తా కావాలంటే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ఉడికించిన పాస్తా మీద కెచప్ సీసా బోర్లిస్తాం. కెచప్‌లో చక్కెర, వెనిగర్, మసాలా ఉంటాయి. అది నంచుకోవడానికే బాగుంటుంది. ఇటలీ సాస్‌కు కావలసినవి టమాటా, నూనె, ఉప్పు, వెల్లుల్లి లేదా ఉల్లిపాయ. అంతే!

మన పచ్చడికి చుట్టమే

టమాటా ఇటలీదీ కాదు, మనదీ కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. అక్కణ్నుంచి 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ల ఓడల్లో ఐరోపాకు చేరింది. ఇటలీలో అచ్చయిన తొలి టమాటా సాస్ 1690ల్లో నేపుల్స్‌లో ఆంటోనియో లాతీని రాసినది. టమాటాలను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, సన్నగా తరిగి, ఉల్లిపాయ, మిరపకాయ, ఉప్పు, నూనె, వెనిగర్ కలపమన్నాడాయన. అచ్చం మన కాల్చిన టమాటా పచ్చడే కదూ! పాస్తాతో టమాటా జత కట్టడానికి ఇంకో శతాబ్దం పైనే పట్టింది. 1839లో నేపుల్స్‌కే చెందిన ఇప్పోలితో కావల్కాంతి తన వంటల పుస్తకంలో సేమ్యాను టమాటాతో వండడం ఎలాగో చెప్పాడు.

డబ్బా ఎందుకంటే...

ఇటలీలో టమాటా పంట ప్రధానంగా వేసవిది. ఆగస్టులో ఇల్లిల్లూ ఒక్కటై టమాటాలు ఉడికించి, వడకట్టి, సీసాలకెత్తుకునే అలవాటు అక్కడి పల్లెల్లో నేటికీ ఉంది. మన ఇళ్లలో ఎండాకాలం ఆవకాయ పెట్టే హడావుడి లాంటిదే! ఈ అవసరమే పరిశ్రమ అయింది. 1810లో ఫ్రాన్సులో నికోలా అపేర్ గాజు సీసాల్లో ఆహారాన్ని మూతవేసి ఉడికించి నిల్వచేసే పద్ధతిని వెల్లడించాడు. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ రేకు డబ్బాకు పేటెంట్ పొందాడు. ఇటలీలో ఫ్రాంచెస్కో చిరియో 1856లో ట్యూరిన్‌లో బఠాణీలతో ఈ వ్యాపారం మొదలుపెట్టాడు. తర్వాత దక్షిణాది టమాటా డబ్బాల్లోకి ఎక్కింది.

డబ్బాకు వెళ్లే పండును చెట్టు మీదే బాగా పండనిస్తారు. మన బజారుకొచ్చేది దూరాభారం తట్టుకోవాలి కాబట్టి దోరగా ఉండగానే కోస్తారు. రంగు వచ్చినా రుచి పూర్తిగా రాదు. రకంలోనూ తేడా ఉంది. వెసూవియస్ అగ్నిపర్వతం దాపున పండే సాన్ మర్జానో కోలగా, గుజ్జు ఎక్కువగా, గింజలు తక్కువగా ఉంటుంది. ఆ ప్రాంతపు పండుకు 1996లో ఐరోపా సమాఖ్య ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది.

కొనేటప్పుడు చూడండి

* తొక్క తీసిన పూర్తి టమాటాల డబ్బా మేలు. ముక్కలు కోసినవి కరిగిపోకుండా చాలా కంపెనీలు కాల్షియం క్లోరైడ్ కలుపుతాయి. అవి ఎంత ఉడికినా త్వరగా గుజ్జు కావు.
* డబ్బా మీద టమాటా, టమాటా రసం, సిట్రిక్ ఆమ్లం... ఇంతవరకే ఉంటే మంచిది.
* ఉబ్బిన, కారుతున్న డబ్బా ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

డబ్బా దొరకలేదా? 400 గ్రాముల డబ్బాకు బదులు బాగా పండిన ఐదారు బెంగళూరు టమాటాలు తీసుకోండి. అడుగున గాటు పెట్టి, మరిగే నీళ్లలో నిమిషం ఉంచి, చన్నీళ్లలో వేస్తే తొక్క ఊడివస్తుంది. నాటు టమాటాలో పులుపు, నీరు ఎక్కువ కాబట్టి మరికాస్త సేపు ఉడకనివ్వాలి.

మూడు సాస్‌లు

వెల్లుల్లి సాస్: మూడు చెంచాల ఆలివ్ నూనెలో నాలుగు వెల్లుల్లి రేకలు సన్నసెగ మీద వేయించాలి. ఎర్రబడకూడదు, చేదొస్తుంది. 400 గ్రాముల డబ్బా టమాటాలను చేత్తో చిదిపి వేసి, ఉప్పు చేర్చి 20 నిమిషాలు ఉడికించాలి. దించే ముందు బేసిల్ ఆకులు తుంచి వేయాలి. మన రుద్రజడ ఆకు, అదే సబ్జా మొక్క ఆకు, దానికి దగ్గరి బంధువే. పూజ తులసి ఘాటు వేరు, సరిపడదు.

అరాబ్బియాతా: ఈ మాటకు కోపంతో ఉన్నది అని అర్థం. పైదానిలోనే వెల్లుల్లితోపాటు ఎండుమిర్చి తుంచి వేస్తే చాలు. గోదావరి నాలుకకు ఇది ఇట్టే నచ్చుతుంది!

వెన్న సాస్: ఇటలీ వంటను అమెరికాకు పరిచయం చేసిన మార్చెల్లా హజాన్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఇదే. 800 గ్రాముల టమాటా, 70 గ్రాముల వెన్న, రెండుగా కోసిన ఉల్లిపాయ, ఉప్పు. అన్నీ ఒకేసారి వేసి 45 నిమిషాలు సన్నసెగ మీద ఉంచి, ఉల్లిపాయ తీసేయాలి. కారం ఉండదు కనుక పిల్లలకు బాగుంటుంది.

సాస్ అయిందని ఎలా తెలుస్తుంది? మన అమ్మమ్మలు చెప్పే గుర్తే... పక్కన నూనె తేలాలి! పులుపెక్కువైతే చిటికెడు పంచదార వేయొచ్చు. అల్యూమినియం గిన్నెకన్నా స్టీలు మేలు. 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు లెక్క. ఆ ఉడికిన నీళ్లు గరిటెడు సాస్‌లో కలిపితే పాస్తాకు చక్కగా పట్టుకుంటుంది. కాకినాడ కాబట్టి రొయ్యలు ఎటూ ఉంటాయి. శుభ్రం చేసి చివర్లో మూడు నాలుగు నిమిషాలు ఉడికిస్తే చాలు. ఇటలీ తీరంలోనూ ఇలాగే చేస్తారు. చేపలు, రొయ్యలు వేసిన పాస్తా మీద వాళ్లు సాధారణంగా ఛీజ్ చల్లరు.

జాగ్రత్త సుమా!

తెరిచిన డబ్బాలో మిగిలినదాన్ని గాజు సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. ఐసు ట్రేలో గడ్డకట్టిస్తే రెండు మూడు నెలలు ఉంటుంది. ఇంట్లోనే సీసాలకెత్తి బయట నిల్వచేయాలన్న ముచ్చట మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. టమాటాలో పులుపు అన్ని పండ్లలో ఒకేలా ఉండదు. అది చాలకపోతే గాలి చొరబడని సీసాలో బొటులిజం కలిగించే విషం పుట్టొచ్చు. రంగులో, వాసనలో తేడా తెలియకపోవచ్చు, ప్రాణానికే ముప్పు. అందుకే కంపెనీలు సిట్రిక్ ఆమ్లం కలుపుతాయి. ఇంట్లో చేసినదానికి ఫ్రీజరే క్షేమం.

మన పంట మాటేమిటి?

2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు చేరింది. ధర పడిపోయినప్పుడు కోత కూలి కూడా రాక రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసిన రోజులూ అక్కడే చూశాం. ఇటలీలో ఏటా సుమారు 50 లక్షల టన్నుల టమాటా కర్మాగారాలకు వెళుతుంది. మన దగ్గర అలా వెళ్లేది చాలా స్వల్పం. టమాటా, ఉల్లి, బంగాళాదుంప రైతుల కోసం 2018-19 కేంద్ర బడ్జెట్‌లో 500 కోట్ల రూపాయలతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. అయినా సూపర్ మార్కెట్ అరలో తొక్క తీసిన టమాటా అంటే ఎక్కువగా ఇటలీ నుంచి వచ్చిందే!

అంచేత ఓ చిన్న లెక్క. ధర దిగినప్పుడు రెండు మూడు కిలోలు తెచ్చి, తొక్క తీసి, ఉడికించి ఫ్రీజర్‌లో దాచండి. ధర మండినప్పుడు, పండు పచ్చిగా వచ్చినప్పుడు డబ్బా తెరవండి. ఈ ఆదివారం కెచప్ సీసా పక్కనపెట్టి చూడండి... పళ్లెం ఖాళీ అయ్యాక పిల్లలే చెబుతారు!