రోగి కుశలమును కొలుచుట ఎట్లు?

జ్వరము ఎంత ఉన్నదో థర్మామీటరు చెప్పును. రక్తములో చక్కెర ఎంత ఉన్నదో ప్రయోగశాలలో తేలును. కాని రోగి తన పనికి పోగలుగుచున్నాడా, రాత్రి నిద్ర పట్టుచున్నదా, ఇంటివారితో కలసిమెలసి ఉండగలుగుచున్నాడా అను సంగతులు ఏ పరికరమునకును అందవు. వానిని రోగియే చెప్పవలెను. అతడు చెప్పినదానిని అంకెగా మార్చుటకు వీలున్నదా? మార్చినచో ఆ అంకెను నమ్మవచ్చునా? ఆరోగ్యముతో ముడిపడిన ఈ బాగోగులకే ‘జీవన నాణ్యత’ అని పేరు. దానిని కొలుచుట ఇప్పుడు వైద్యపరిశోధనలో ఒక శాఖగా పెరిగినది.

దీని అవసరము రక్తపుపోటు విషయములో బాగుగా తెలియును. ఈ వ్యాధి ఉన్నవారిలో చాలమందికి ఏ బాధయు ఉండదు. మందు తీసికొనుట నేటి బాధ పోవుటకు కాదు, ముందుముందు పక్షవాతము, గుండెపోటు రాకుండుటకు. మందువలన నీరసమో మగతయో కలిగినచో అది మాత్రము నేడే తెలియును. “బాగున్నవాణ్ణి, మందు మింగి రోగినయ్యాను” అని కొందరు మధ్యలో మానివేయుదురు. మానినవారికి లోలోపల ప్రమాదము పెరుగుచునే ఉండును.

1982లో బ్రిటనులో ప్రకటింపబడిన ఒక చిన్న పరిశీలన ఈ చిక్కును బయటపెట్టినది. రక్తపుపోటు అదుపులోనికి వచ్చిన 75 మంది రోగులను, వారి వైద్యులను, వారితో కలసి జీవించు దగ్గరివారిని వేరువేరుగా ప్రశ్నించిరి. వైద్యుల లెక్కలో 75 మందికిని మెరుగే. రోగులలో మెరుగన్నవారు నూటికి 48 మంది మాత్రమే. దగ్గరివారిలో ఇంచుమించు అందరును, మనిషిలో మునుపటి చురుకు లేదనియు, పరిస్థితి దిగజారినదనియు చెప్పిరి. ఇందులో అబద్ధమాడినవారెవరును లేరు. వైద్యుడు చూచినది పరికరములోని అంకెను. ఇంటివారు చూచినది మనిషిని. పరిశీలన చిన్నది, మందులు ఆ కాలపువి. కనుక ఈ అంకెలను నేటి మందులకు అంటగట్టరాదు. అయినను ఒకే రోగిని గూర్చి మూడు విధములైన సమాధానములు రావచ్చునని తేలినది కదా!

నాలుగేండ్ల తరువాత, 1986లో, అమెరికాలో ఇంతకంటె పెద్ద పరీక్ష ఫలితములు వెలువడినవి. 626 మంది పురుషులను మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు మిథైల్‌డోపా, ఒకదానికి ప్రొప్రనొలాల్, ఒకదానికి కాప్టోప్రిల్ ఇచ్చిరి. ఎవరికి ఏ మందు వచ్చినదో రోగికిని తెలియదు, వైద్యునికిని తెలియదు. 24 వారములు గడచుసరికి మూడు జట్లలోను రక్తపుపోటు ఇంచుమించు సమానముగా అదుపులోనికి వచ్చినది. పరికరమును మాత్రమే నమ్మినచో మూడు మందులును ఒక్కటే అనవలసి వచ్చెడిది. కాని ప్రశ్నలు వేసి చూడగా, కాప్టోప్రిల్ తీసికొన్నవారి కుశలము మిథైల్‌డోపా తీసికొన్నవారికంటె మెరుగని తేలినది.

ఇక జవాబు అంకెగా మారు విధమును చూతము. ఎక్కువగా వాడుకలోనున్న ప్రశ్నావళులలో ఒకటి 36 ప్రశ్నలది. అది 1992లో ప్రకటింపబడినది. అందులో ఎనిమిది విభాగములున్నవి. దేహశక్తి విభాగమున మెట్లెక్కుట, వంగుట, నడచుట, స్నానము చేయుట మొదలైన పది ప్రశ్నలుండును. ఆ పని చేయుటకు ఆరోగ్యము చాల అడ్డుపడుచున్నదన్నచో 1, కొంచెము అడ్డుపడుచున్నదన్నచో 2, అడ్డే లేదన్నచో 3. అనగా మొత్తము 10కి తగ్గదు, 30కి మించదు. ఆ మొత్తమునుండి 10 తీసివేసి, 20చే భాగించి, 100చే గుణించవలెను. ఒకరికి మొత్తము 21 వచ్చినదనుకొందము. 11ను 20చే భాగించి 100చే గుణించగా 55 వచ్చును.

చురుకైన విద్యార్థి ఇక్కడ అడ్డుప్రశ్న వేయవచ్చును: 1కిని 2కును నడుమనున్న దూరము, 2కును 3కును నడుమనున్న దూరము సమానమని ఎవరు చెప్పిరి? ప్రశ్న సరియైనదే. 80 వచ్చినవాడు 40 వచ్చినవానికి రెండింతలు ఆరోగ్యవంతుడని చెప్పుటకు వీలులేదు. 40 డిగ్రీల సెల్సియస్ వేడి 20 డిగ్రీల వేడికి రెండింతలు కానట్లే. ఈ అంకె పోల్చి చూచుటకు పనికివచ్చును, అంతవరకే.

పోల్చుటకైనను ప్రశ్నావళి పరీక్షకు నిలువవలెను. స్థితి మారని మనిషికి పది పదునైదు దినముల తరువాత మరల ఇచ్చినచో ఇంచుమించు అదే అంకె రావలెను. స్థితి మారినచో అంకెయు కదలవలెను. కంటి శుక్లము తీసిన తరువాత ముసలమ్మ సూదిలో దారమెక్కించుచున్నను అంకె కదలనిచో లోపము ప్రశ్నలలోనే ఉన్నది. అందుచేతనే అన్ని వ్యాధులకును పనికివచ్చు ప్రశ్నలతోబాటు కన్నులకు, ఉబ్బసమునకు, కేన్సరునకు వేరువేరు ప్రశ్నావళులు పుట్టినవి.

అన్నిటికంటె కష్టమైనది భాష. పైన చెప్పిన 36 ప్రశ్నల అమెరికా పత్రములో ఒకచోట ఇల్లు ఊడ్చు విద్యుద్యంత్రమును, గోల్ఫు ఆటను ఉదాహరణలుగా ఇచ్చిరి. మన పల్లెలో మోకాళ్ల నొప్పితో బాధపడు ఆమెను గోల్ఫు ఆడగలవా అని అడిగి ఏమి ప్రయోజనము? నీళ్ల బిందె ఎత్తగలదా, నేలమీద కూర్చుండి చేయి ఊతలేకుండ లేవగలదా అని అడిగినచో నొప్పి బయటపడును. మాట మార్చినను తూకము మారకూడదు. కనుక ఒకరు తెలుగు చేసినదానిని, మూలమును చూడని మరియొకరు తిరిగి ఇంగ్లీషు చేయుదురు. రెంటిని సరిపోల్చి తేడాలు దిద్దుదురు. ఒక దేశపు ప్రశ్నలను మిగిలిన దేశములకు మోయుటకంటె అందరును కలసి ప్రశ్నలు కూర్చుట మేలని తలచి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 తరువాతి సంవత్సరములలో 15 కేంద్రములతో 100 ప్రశ్నల పత్రమును తయారుచేసినది. ఆ కేంద్రములలో ఢిల్లీ, మద్రాసు ఉన్నవి. దానినే తరువాత 26 ప్రశ్నలకు కుదించిరి.

చదువురానివారికి ప్రశ్నలు చదివి వినిపించుదురు. అయితే డాక్టరుగారే ఎదురుగ కూర్చుండి అడిగినచో, “తమ దయవల్ల బాగానే ఉందండి” అను మాటయే వచ్చుట సహజము. కాబట్టి చికిత్సతో సంబంధములేని మనిషి అడుగుట మంచిది. పక్కనున్న కుమారుడు తొందరపడి, “అమ్మకు నొప్పి తగ్గిందండి” అన్నచో దానిని తల్లి జవాబుగా వ్రాసికొనరాదు. రోగి మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు దగ్గరివారిని అడుగుటకు వేరే పత్రములున్నవి.