మన దగ్గర సెక్స్ అఫెండర్స్ లిస్ట్ ఫోన్‌లో చూడొచ్చా? ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

ఈసారి మొబైల్ రివ్యూ కాదు. పోయిన నెల జూలూరుపాడు నుంచి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, పాప స్కూల్ ఆటోకి కొత్త డ్రైవర్ వచ్చాడు. మనిషి మంచోడో కాదో ఫోన్‌లో చూడొచ్చంట కదా, టెక్సస్‌లో ఉన్న అన్నయ్య వాళ్లు ఇల్లు తీసుకునే ముందు చూసుకున్నారంట. మనకి కూడా ఆ యాప్ ఏదో పెట్టి ఇవ్వు" అంది.

రెండు నిమిషాల్లో చెప్తా అని ఫోన్ పెట్టేశాను. తీరా కూర్చుంటే రెండు రోజులు పట్టింది. నాలాగే చాలామందికి ఈ డౌట్ ఉండొచ్చు కాబట్టి నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నా.

అమెరికాలో ఏం ఉంది?

అన్నయ్య చూసింది అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్. అక్కడ 1996లో మేగన్స్ లా అనే ఫెడరల్ చట్టం వచ్చింది. లైంగిక నేరాల్లో శిక్ష పడి రిజిస్టర్ అయిన వాళ్ల వివరాలు జనానికి అందుబాటులో ఉండాలన్నది దాని ఉద్దేశం. 2005లో మొదలైన నేషనల్ వెబ్‌సైట్‌లో ఇప్పుడు అన్ని రాష్ట్రాల రిజిస్ట్రీలను ఒకే చోట వెతకొచ్చు. పేరు గానీ జిప్ కోడ్ గానీ కొడితే ఫోటో, అడ్రస్‌తో సహా వస్తాయి. అక్కడ ఉన్న మనవాళ్లు రెంట్‌కి దిగే ముందు ఇది చూసుకోవడం మామూలే. కానీ అందులో కూడా అందరూ ఉండరు. కొన్ని రాష్ట్రాలు తక్కువ రిస్క్ అనుకున్న వాళ్ల పేర్లు బయట పెట్టవు.

ఇంగ్లండ్‌లో ఇంకో పద్ధతి. లిస్ట్ పోలీసుల దగ్గరే ఉంటుంది. మీ పిల్లలతో తిరిగే ఒక మనిషి మీద అనుమానం ఉంటే పోలీసులకు అప్లై చేయాలి. అవసరం అనిపిస్తే వాళ్లే మీకు చెప్తారు.

ఇండియాలో లిస్ట్ ఉందా?

ఉంది. కానీ మీకు, నాకు కనపడదు.

2018 సెప్టెంబర్ 20న కేంద్ర హోం శాఖ నేషనల్ డేటాబేస్ ఆన్ సెక్సువల్ అఫెండర్స్‌ని మొదలుపెట్టింది. దీన్ని నడిపేది నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో, అంటే ఎన్‌సీఆర్‌బీ. రేప్, గ్యాంగ్ రేప్, పోక్సో, ఈవ్ టీజింగ్ కేసుల్లో శిక్ష పడిన వాళ్ల పేరు, అడ్రస్, ఫోటో, వేలిముద్రల వివరాలు ఇందులో పెడతారు. మొదలైన రోజుకే 4.4 లక్షల ఎంట్రీలు ఉన్నాయి. లాగిన్ మాత్రం పోలీసులకు, దర్యాప్తు సంస్థలకే.

కాబట్టి ప్లే స్టోర్‌లో "అఫెండర్ సెర్చ్" లాంటి పేర్లతో కనపడే యాప్‌లు ఇన్‌స్టాల్ చేయకండి. అవి అమెరికా డేటా మీద నడిచేవి. జూలూరుపాడు పిన్ కోడ్ కొడితే ఏమీ రాదు. "ఇక్కడ ఎవరూ లేరు" అనుకుంటే అది ఇంకా ప్రమాదం. ఊరికే మన కాంటాక్ట్స్, లొకేషన్ పర్మిషన్లు ఇచ్చుకోవడమే మిగులుతుంది.

పోలీస్ సైట్‌లో ఎఫ్‌ఐఆర్ చూడొచ్చు కదా?

నాకూ ఇదే ఐడియా వచ్చింది. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లోగా వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అదే ఆర్డర్‌లో లైంగిక నేరాలు, పోక్సో కేసులకు మినహాయింపు ఇచ్చింది. అంటే మనం వెతికే రకం ఎఫ్‌ఐఆర్‌లే అక్కడ ఉండవు. బాధితుల వివరాలు బయటికి రాకూడదని అలా పెట్టారు.

ఈకోర్ట్స్ యాప్‌లో వెతకడం ఎలా?

జనానికి ఓపెన్‌గా ఉన్నది ఇదొక్కటే. ఈకోర్ట్స్ సర్వీసెస్ ప్రభుత్వ యాప్, ఫ్రీ. వెబ్‌సైట్‌లో కూడా చూడొచ్చు.

స్టెప్ 1: కేస్ స్టేటస్‌లోకి వెళ్లి రాష్ట్రం తెలంగాణ, జిల్లా భద్రాద్రి కొత్తగూడెం ఎంచుకోండి.

స్టెప్ 2: కోర్ట్ కాంప్లెక్స్ ఎంచుకుని, పార్టీ నేమ్ ఆప్షన్‌లో పేరు, కేసు రిజిస్టర్ అయిన సంవత్సరం కొట్టండి. సంవత్సరం తెలియకపోతే ఒక్కొక్కటీ మార్చి చూడాల్సిందే.

స్టెప్ 3: పెండింగ్, డిస్పోజ్డ్ రెండూ విడివిడిగా చూడండి. శిక్ష పడిన కేసులు, కొట్టేసిన కేసులు డిస్పోజ్డ్‌లోనే ఉంటాయి.

స్టెప్ 4: ఇదే పేరుతో ఖమ్మం జిల్లాలో కూడా వెతకండి. 2016 అక్టోబర్ దాకా మన మండలం ఖమ్మం జిల్లాలోనే ఉంది. కోర్టుల పరంగా వేరే జిల్లా అయింది 2022 జూన్‌లో, తెలంగాణలో 33 జ్యుడీషియల్ జిల్లాలు వచ్చినప్పుడు.

నేను చేసి చూశాను. ఇందులో మూడు ఇబ్బందులు ఉన్నాయి.

ఒకటి, పేరు. శ్రీను అనే పేరును ఇంగ్లిష్‌లో రెండు "ఈ"లతో రాస్తారు, "ఐ"తోనూ రాస్తారు. వెంకటేశ్వర్లు అయితే ఎన్ని స్పెల్లింగులో చెప్పలేం. ఒక స్పెల్లింగ్ కొడితే ఏమీ రాదు, ఇంకోటి కొడితే ముప్పై మంది వస్తారు. అందులో మన మనిషి ఎవరో చెప్పడానికి ఫోటో ఉండదు, వయసు ఉండదు.

రెండు, సున్నితమైన కేసుల్లో పేర్లు, ఆర్డర్లు కనపడకుండా దాచి ఉండొచ్చు. ఏమీ రాలేదంటే కేసు లేదని కాదు.

మూడు, పేరు కనపడినంత మాత్రాన నేరం చేసినట్టు కాదు. అది పెండింగ్ కేసు కావచ్చు, పొలం గట్టు తగాదా కావచ్చు, కోర్టు నిర్దోషి అని వదిలేసిన కేసు కూడా కావచ్చు. సెక్షన్ ఏంటో, తీర్పు ఏంటో చూడకుండా ఏమీ అనుకోవద్దు.

స్క్రీన్‌షాట్ ఊరి గ్రూప్‌లో పెట్టొద్దు

2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డ్‌లు నమ్మి మన తెలంగాణలోనే అమాయకుల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత జులైలో వాట్సాప్ ఇండియాలో ఒకేసారి 5 చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా లిమిట్ పెట్టింది. పేరు కలిసినంత మాత్రాన వేరే శ్రీను ఫోటో గ్రూప్‌లో పెడితే జరిగేది కూడా అలాంటిదే.

ఇంకో సంగతి. సిటీలో ఒక నిందితుడి పేరు చెప్తే బాధితురాలు ఎవరో తెలియకపోవచ్చు. రెండు వందల గడపల ఊళ్లో అతని పేరు చెప్పడమంటే ఆ పాప ఇల్లు చూపించడమే. పోక్సో సెక్షన్ 23 ప్రకారం బాధిత పిల్లల పేరు, అడ్రస్, కుటుంబం, స్కూల్, ఇరుగుపొరుగు లాంటి గుర్తుపట్టే వివరాలు ఏ మీడియాలోనూ బయటపెట్టకూడదు. శిక్ష ఆరు నెలల నుంచి ఏడాది దాకా.

మరి అక్కకి ఏం చెప్పాను?

నాకు ఉపయోగపడింది పోక్సో రూల్స్, 2020. అందులో రూల్ 3 ప్రకారం స్కూళ్లు, హాస్టళ్లు, క్రెష్‌లు, స్పోర్ట్స్ అకాడమీలు, ఇలా పిల్లలతో రోజూ పని ఉండే ప్రతి సంస్థా తన స్టాఫ్‌కి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. టీచర్లకే కాదు, టీచింగ్ కాని స్టాఫ్‌కి కూడా. ఒకసారి చేయించి వదిలేయకూడదు, మధ్యమధ్యలో మళ్లీ చేయించాలి. మనకు లాగిన్ లేకపోయినా, లాగిన్ ఉన్న పోలీసుల చేత చెక్ చేయించాల్సిన బాధ్యత స్కూల్‌ది.

కాబట్టి స్కూల్‌లో సూటిగా అడగండి. "డ్రైవర్‌కి, వార్డెన్‌కి, వాచ్‌మన్‌కి పోలీస్ వెరిఫికేషన్ అయిందా? ఎప్పుడు అయింది?" ఆటో స్కూల్‌ది కాకుండా తల్లిదండ్రులే మాట్లాడుకున్నదైతే, తెలంగాణ పోలీస్ వెబ్‌సైట్‌లో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి అప్లై చేసుకోమని డ్రైవర్‌నే అడగొచ్చు. అందరినీ అడిగితే ఎవరికీ అవమానం అనిపించదు.

కానీ లిస్ట్ ఒక్కటే చాలదు

లిస్ట్ జనానికి తెరిచినా అందులో ఉండేది శిక్ష పడిన వాళ్లే. ఎన్‌సీఆర్‌బీ ఏటా ఇచ్చే రిపోర్టుల్లో రేప్ కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లే. చుట్టాలు, పక్కింటివాళ్లు, ఇంటికి వచ్చిపోయేవాళ్లు. వాళ్లలో చాలామంది పేరు అప్పటిదాకా ఏ లిస్ట్‌లోనూ ఉండదు. అందుకే పిల్లలు "ఆ మామయ్య దగ్గరికి నేను పోను" అంటే కోప్పడకుండా ఎందుకో అడగండి.

ఏదైనా జరిగిందని తెలిస్తే చెప్పడం మన ఇష్టం కాదు, పోక్సో సెక్షన్ 19 ప్రకారం బాధ్యత. పెద్దమనుషుల్లో పెట్టి సర్దుబాటు చేసుకోవడం కుదరదు. ఈ నంబర్లు ఇప్పుడే సేవ్ చేసుకోండి:

- 1098: చైల్డ్ హెల్ప్‌లైన్
- 112: ఎమర్జెన్సీ, పోలీస్
- 181: మహిళా హెల్ప్‌లైన్
- 1930: సైబర్ ఫైనాన్షియల్ ఫ్రాడ్. ఫోటోలు, వీడియోలతో బెదిరిస్తే నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టొచ్చు

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. "మా పరిధి కాదు" అని వెనక్కి పంపకూడదు.

అక్క స్కూల్‌లో అడిగింది. టీచర్ల కాగితాలు ఉన్నాయి, డ్రైవర్‌ది లేదు. మరుసటి రోజు ఇంకో నలుగురు తల్లులను తీసుకుని వెళ్తే డ్రైవర్ ఆధార్, ఫోటో స్టేషన్‌కి పంపారు. రిపోర్ట్ ఇంకా రాలేదు. వచ్చేదాకా అక్కే పాపను స్కూల్‌లో దించి వస్తోంది.

మీ పిల్లల స్కూల్‌లో అడిగితే ఏం చెప్పారో కామెంట్ చేయండి. ఎవరి పేర్లూ మాత్రం రాయకండి.